పిలిస్తే పలకాల

ఆయన పోయారన్న కబురు ఒక ఆదివారం పొద్దున ఆఫీసు ఫోనుకు వచ్చింది. చేసినవాడు పాతూరులో ఆయన అద్దెకున్న ఇంటి యజమాని. "మీ పేపర్లో ఫొటోల కాడ పనిచేసిన సారు లేడూ, నిద్దట్లోనే పోయినట్టుండాడు. ఎవురికి చెప్పాల్నో తెలీక మీకు చేసినా" అన్నాడు. ఎవరికి చెప్పాలో మాకూ తెలియదు. చివరికి ఎవరో అన్నకొడుకు బళ్లారి నుంచి వచ్చి, జరగవలసినవి జరిపించి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడని తర్వాత విన్నాం.

మా ఎడిషన్ ఇన్‌చార్జి మంచివాడే. "పాపం, మన మనిషి. రెండు ముక్కలు వేద్దాం. ఫొటో ఒకటి తియ్యమ్మా" అన్నాడు.

నేను ఫొటో లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని ఆయన పేరు కొట్టాను. ఏమీ రాలేదు. ఇంటిపేరు ముందు పెట్టి కొట్టాను, వెనక పెట్టి కొట్టాను. రిటైర్మెంటు, వీడ్కోలు, సిబ్బంది, శాలువా అని ఒకదాని తర్వాత ఒకటి కొట్టాను. శాలువాకు జిల్లాలోని నాయకులందరూ వచ్చారు గానీ ఆయన రాలేదు. ఐడీ కార్డు మీద ఫొటో ఉండాలి కదా అని ఇంటి యజమానికి ఫోన్ చేస్తే, కార్డు గోడకు వేలాడుతోంది కానీ ఏళ్ల చెమటకు అందులో మొహం వెలిసిపోయిందన్నాడు. హైదరాబాదులో ఉన్న సిబ్బంది ఫైళ్లను ఆదివారం తెరిచే దిక్కు లేదు. వార్త ఫొటో లేకుండానే వెళ్లింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను, కొంత ఆయన మీదే.

ఎందుకంటే, జిల్లాలో ఎవరి ఫొటో కావాలన్నా టీ చల్లారేలోగా తెర మీదికి తెప్పించిన మనిషి ఆయన. మేమంతా లైబ్రరీ సార్ అనేవాళ్లం. నెగటివ్‌లను కాగితం కవర్లలో దాచే రోజుల నుంచీ ఆ గదిలోనే ఉన్నారు. తొంభైల చివర్లో స్కానర్లూ కంప్యూటర్లూ వచ్చాక ఆ ఫొటోలన్నీ వాటిలోకి ఎక్కించే పని మొదలైంది. ఎక్కించిన ప్రతి ఫొటో కిందా కొన్ని మాటలు కొట్టాలి. రేపు ఎవరైనా ఆ మాట కొట్టి వెతికితే ఆ ఫొటో రావాలి. ఆ మాటల్ని మేము కీవర్డులు అనేవాళ్లం. ఆయన పిలుపులు అనేవారు.

"పిలిస్తే పలకాలమ్మా. పలకని ఫొటో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అనేవారు.

కంప్యూటర్లు వేడెక్కకూడదని ఆ గదికి ఏసీ పెట్టారు. మే నెలలో అనంతపురం పెనంలా కాలుతుంటే ఆయన ముదురు నీలం ఉన్ని స్వెట్టరు తొడుక్కుని కూర్చునేవారు. మధ్యాహ్నం ఉగ్గాని తినడానికి బయటికి వెళ్తూ స్వెట్టరు సంగతి మరిచిపోయి అలాగే ఎండలోకి నడిచిపోయేవారు. "ఏం సార్, చలిజ్వరమా?" అని హోటలాయన అడిగాక చూసుకుని, విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకుని తినేవారు. ఆ హోటల్లో గోడవైపు ఒక చిన్న బల్ల ఉండేది. దానికి ఒక్కటే కుర్చీ. అక్కడే కూర్చునేవారు.

నేను ఆయన దగ్గర పనికి చేరిన రోజు నా ముందు పెట్టిన ఫొటో నాకింకా గుర్తుంది. ఎండిన బోరింగు చుట్టూ ఖాళీ బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు. తెలివైనదాన్ని అనిపించుకోవాలని వెంటనే 'కరువు' అని కొట్టాను. ఆయన నా పక్కనుంచి చెయ్యి చాచి ఆ మాట చెరిపేశారు.

"ఏం సార్, కరువే కదా ఇది?"

"కరువేమ్మా. మన జిల్లాలో ఏది కాదు? కరువు అని పిలిస్తే సగం కంప్యూటరు లేచి నిలబడుతాది. అంతా పలికితే ఎవురూ పలకనట్టే."

తర్వాత ఆయన అరచెయ్యి తెర మీద పెట్టి ఫొటోను మూసేశారు. ఏ ఫొటోకైనా మాటలు పెట్టే ముందు అలా మూయడం ఆయన అలవాటు. మూసి అడిగేవారు: "దీన్ని ఎవురు పిలుస్తారు? ఎప్పుడు పిలుస్తారు? ఏమని పిలుస్తారు?" జవాబు చెప్పాకే చెయ్యి తీసేవారు. చూసింది రాయొద్దు, వెతికేవాడి నోట్లో ఉండే మాట రాయి అన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ ఫొటోకు చివరికి బోరింగు, ఖాళీ బిందె, ఆడవాళ్ల వరస అని పెట్టించారు. ఊరి పేరు, నెల ఎటూ ఉండాలి.

లేపాక్షి నంది ఫొటోకు నంది అంటే చాలదు. బసవన్న అని కూడా ఉండాలి, ఎందుకంటే హిందూపురం విలేకరి ఫోన్‌లో "బసవన్నది పంపప్పా" అంటాడు. నాయకుల ఫొటోలకైతే మొహం ఎలా ఉందో కూడా కొట్టించేవారు. చెయ్యి ఊపుతూ, నవ్వుతూ, తల వంచుకుని. "ఈపొద్దు గెలిచినాడని నవ్వేది ఒకటే ఎక్కిస్తావా? రేపు ఓడిపోయిన పొద్దు డెస్కు వాళ్లు తల వంచుకున్నది అడుగుతారు. ఇప్పుడే పెట్టు" అనేవారు, నవ్వకుండా. ఓట్ల లెక్కింపు రోజున ఆ మాట ఎంత నిజమో నాకు తెలిసొచ్చింది.

మబ్బుల దగ్గర మాత్రం ఆయనతో వేగడం కష్టం. మబ్బు ఫొటో వస్తే చాలు, ఫొటోగ్రాఫరును పిలిపించి అడిగేవారు.

"ఇది కురిసిందా?"

"నాకేం తెలుసన్నా, ఫొటో తీసుకుని బండెక్కినా."

"కనుక్కోప్పా. కురవని మబ్బుకు వాన అని పెడితే రేపు మనోళ్లు వాన వార్తకు దాన్నే ఏస్తారు. ఆ ఊరోళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

పాపం ఆ ఫొటోగ్రాఫరు ఊరి విలేకరికి ఫోన్ చేసి, ఆయన ఇంకెవరినో అడిగి, మబ్బు కురిసిందో లేదో తేల్చి చెప్పేవాడు. ఎక్కువ సార్లు కురిసి ఉండేది కాదు. ఆయన 'వాన రాని మబ్బు' అని కొట్టి, నిట్టూర్చి, తర్వాతి ఫొటోకు వెళ్లేవారు. ఫొటోకు అబద్ధపు మాట ఒక్కటి కూడా పెట్టకూడదన్నది ఆయన పట్టు. మాకది చాదస్తంగా ఉండేది.

ఆ పట్టును ఆయన సడలించడం ఒక్కసారే చూశాను. తొలకరి పడ్డాక వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని నేలను వెతుక్కుంటూ తిరుగుతారు కదా, ఆ ఫొటో అది. నేను వజ్రం అని కొట్టాను. "యాడుంది వజ్రం? నాకు రాళ్లే కనపడతాండాయి" అన్నారాయన.

"వాళ్లు వెతికేది దాన్నే కదా సార్. అది లేకుంటే ఆ ఫొటోనే లేదు."

ఆయన చాలాసేపు ఆ వంగిన తలల్ని చూశారు. "సరే, ఉండనీ" అన్నారు. "ఒక్కోసారి లేనిది కూడా పలకాల్సి వస్తాది."

ఆయన ఇంటి సంగతులు ఆయన చెప్పలేదు, అడిగే చొరవ మాకు లేదు. పెళ్లి కాలేదని కొందరు, అయ్యి కలిసిరాలేదని కొందరు అనేవాళ్లు. గదిలో ఫోను మోగితే అందరం తల ఎత్తేవాళ్లం, ఆయన ఎత్తేవారు కాదు. తనకు రాదని తెలుసు కాబోలు. పండగ సెలవుల్లో కూడా వచ్చి కూర్చునేవారు. ఒక ఉగాదినాడు నేను ఇంటి నుంచి భక్ష్యాలు తీసుకెళ్లి ఇస్తూ, "ఈపొద్దన్నా ఇంట్లో ఉండరాదా సార్?" అన్నాను.

"ఇంట్లో నాకు మాట్లాడే పని లేదు గదమ్మా. ఈడికొస్తే పది మాటలన్నా కొడతా" అన్నారు. భక్ష్యం తుంచి నోట్లో పెట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపారు. ఆ మాట విన్నాక నాకు ఆ పూట ఇంటికి పోయి పండగ చేసుకోవాలనిపించలేదు.

ఇంకోసారి సరదాకి అడిగాను: "మీ ఫొటోకైతే ఏం పిలుపులు పెట్టుకుంటారు సార్?" ఆయన కళ్లద్దాలు స్వెట్టరు అంచుకు తుడుచుకుంటూ, "పిలిచేటోళ్లుంటే గదా పిలుపుతో పని" అన్నారు. విసుగు లేదు, బాధ కూడా పైకి లేదు. ఏసీ చల్లగా ఉందని చెప్పినంత మామూలుగా అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నల్లమాడ వైపు పల్లెకు చెందిన ఒక ఆమె.

ఆమె మొగుడు వేరుశనగ పంట పోయిన ఏడాది పురుగుల మందు తాగి చనిపోయాడు. మా ఫొటోగ్రాఫరు ఆ రోజు వెళ్లి తీసిన ఫొటోలో, ఇంటి గోడకు ఆనుకుని కూర్చుని ఆమె ఏడుస్తోంది. ఎవరిదో చెయ్యి ఆమె భుజం మీద ఉంది. మనసును పట్టుకునే ఫొటో, కాదనలేం. మొదటి పేజీలో వేశారు. దానికి పిలుపులు పెట్టింది లైబ్రరీ సారే. రైతు, ఆత్మహత్య, భార్య, ఏడుపు, నల్లమాడ. వార్తలు దిద్ది పేజీలు పెట్టే డెస్కు వాళ్ల నోట్లో ఉండే మాటలన్నీ అచ్చంగా పెట్టారు. అంత బాగా పెట్టబట్టే ఏటా ఆ కాలం రాగానే, వేరే ఊళ్లో వేరే రైతు పోయినా, ఎవరో ఒకరు ఏడుపు అని కొట్టగానే ఆమే పలికేది. కింద 'ఫైల్ ఫొటో' అని చిన్నగా వేసి మళ్లీ అచ్చువేసేవాళ్లు.

ఒక పొద్దున ఆమె ఆఫీసుకు వచ్చింది. ఇన్‌చార్జి ఆమె చెప్పింది విని, తనకేం చెప్పాలో తోచక లైబ్రరీ గదికి పంపాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి నిలబడింది. ముప్ఫై దాటి ఉండవు. కొంగు చుట్టూ కప్పుకున్నా ఏసీ చలికి వణుకుతోంది. నేను చూస్తుండగా లైబ్రరీ సార్ లేచి వెళ్లి ఏసీ ఆపేశారు. ఎండాకాలంలో ఇన్‌చార్జి చెప్పినా ఆపని మనిషి.

"కూచోమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేదు.

"ఏమప్పా, నేను ఏడ్చింది ఒక్కసారి. మీ పేపర్లో నన్ను ఎన్నిసార్లు ఏడిపిస్తారు?"

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"నా బిడ్డ ఇస్కూలుకు పోతే, మీయమ్మ మల్లా పేపర్లో ఏడుస్తాందే అంటాండారు. అది ఇంటికొచ్చి నా మొగమే సూడదు. నేను కూలికి పోతాండా, వండి పెడతాండా, నవ్వేకాడ నవ్వుతాండా. మీకు మాత్రం నేను ఆ గోడకాడనే కూచోనుండా."

ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. "ఇంక రాదమ్మా. నేను చూసుకుంటా" అన్నారు. ఆమె నమ్మిందో లేదో, నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఫొటోను తీసేసే వీలు మాకు లేదు. ఆ తాళం హైదరాబాదు హెడ్డాఫీసులో ఉండేది. ఆయన ఆ రోజే ఉత్తరం రాశారు. మంచి ఫొటో, తీయడం కుదరదని జవాబు వచ్చింది. అప్పుడాయన ఆ ఫొటోకున్న మాటలన్నీ ఒక్కొక్కటే చెరిపేశారు. ఊరి పేరు కూడా. మాటే లేకపోతే ఎవరు పిలుస్తారనుకున్నారు.

అక్కడే దెబ్బతిన్నారు. మా ప్రోగ్రాములో, మాటలు లేని ఫొటోలన్నీ ఒకచోట పేరుకుని 'వీటికి మాటలు పెట్టండి' అని సాయంత్రం షిఫ్టు ఆపరేటరు ముందు నిలబడతాయి. ఆ ఏర్పాటు అడిగి చేయించుకున్నది ఈయనే, ఒక్క ఫొటో కూడా మూగగా ఉండిపోకూడదని. ఆ ఆపరేటరుకు పని నేర్పిందీ ఈయనే. అతను నేర్చుకున్నట్టే, అరచెయ్యి అడ్డం పెట్టి, డెస్కు వాళ్లు ఏమని పిలుస్తారో ఆలోచించి, పాత మాటలే తిరిగి పెట్టాడు. మరుసటి ఏడు ఆమె మళ్లీ పేపర్లో ఏడ్చింది.

ఈసారి ఆమె వచ్చినప్పుడు గొడవ చేయలేదు. తలుపు దగ్గరే ఆగింది. "చూసుకుంటానంటివి గదప్పా" అంది, అంతే. ఆయన మొహం అంతగా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. లేచి ఏసీ ఆపారు. తన కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, నన్ను స్టూలు తెమ్మని, దాని మీద తను కూర్చున్నారు.

"మాటల్లేకుండా చేస్తే దాక్కుంటాదనుకుంటినమ్మా. దాక్కోదు. దీనికి మాటలుండాల్సిందే. అయితే మావాళ్లు ఎవురూ పిలవని మాటలు ఉండాల" అన్నారు.

"ఏదో ఒకటి ఏసేయ్. పెండ్లి అనో, జాతర అనో" అంది ఆమె.

"అబద్ధం ఎయ్యనమ్మా. ఎయ్యకూడదు. పైగా పెండ్లి అని ఎవురన్నా పిలిస్తే నువ్వు ఏడుస్తా వస్తావు. అంతకంటే పాపం ఉంటాదా?"

ఫొటో తెర మీదికి తెచ్చి, ఆపరేటరు తిరిగి పెట్టిన మాటలన్నీ చెరిపేశారు. ఆమె గబుక్కున తల పక్కకు తిప్పేసుకుంది. అప్పుడాయన అరచెయ్యి తెర మీద పెట్టారు. రోజూ ఫొటో మొత్తం మూసే చెయ్యి, ఆ రోజు ఆమె మొహం వరకే మూసింది. "ఇప్పుడు చూడమ్మా. నిన్ను చూడొద్దు, మిగతాది చూసి చెప్పు. దీంట్లో ఏమేముండాయి?"

కాసేపటికి ఆమె ఇటు తిరిగింది. కళ్లు చిట్లించి చూసింది. ఆ ఫొటోలో తను కాక ఇంకేమైనా ఉంటుందని ఆమె అంతకుముందు అనుకున్నట్టు లేదు.

"ఆ మూలది చాట. శనక్కాయిత్తనాలుండాయి దాంట్లో."

"శనక్కాయ వద్దమ్మా, మావాళ్లు ఏడాది పొడుగునా పిలుస్తారు."

"కోడి ఉండాది సూడు, గడప కాడ."

"కోడి కూడా వద్దు. పందేలప్పుడు పిలుస్తారు. కోడిగుడ్డు ధర పెరిగినా పిలుస్తారు."

ఆమెకు ఆట అర్థమైంది. ముందుకు వంగింది. "అయితే గోడ? అంతకు ముందు వారమే నేనూ మా ఆయప్పా సున్నం కొట్టింటిమి. ఆడ సూడు, నిచ్చెన అందక పైన కొంచెం వదిలేసినాం."

ఆయన 'కొత్త సున్నం గోడ' అని కొట్టి, తెర వైపు చూసి ఆలోచించి, ఉంచారు.

"ఈ చెయ్యి ఎవురిది?"

"మా వదినిది. పొద్దటి నుంచి సాయంత్రం దాకా తియ్యలేదు ఆ చెయ్యి."

ఆయన 'వదిన చెయ్యి' అని కొట్టారు. "దీన్ని మా ఆఫీసులో ఎవురూ పిలవరు" అన్నారు మెల్లగా. ఆమె ఆ రెండు మాటల్ని తెర మీద చదువుకుని, అవునన్నట్టు తలాడించింది. అప్పటిదాకా ఆయన చెయ్యి ఆమె మొహం మీద నుంచి తీయనేలేదు. కంప్యూటరు కట్టేశాకే తీశారు.

ఆ తర్వాత ఆమె రాలేదు. రావలసిన పని పడలేదు. మూడో మాట పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆయన రిటైరై వెళ్లిపోయాక ఆ కుర్చీ నాకు వచ్చింది. ఒక ఏడు వానలు ఎగ్గొట్టిన కాలంలో డెస్కు నుంచి ఒక సబ్‌ఎడిటరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అక్కా, ఒక రైతు భార్య ఏడ్చే ఫొటో ఉండేది గదా, గోడకు ఆనుకుని? అది కావాల." నేను అతని ఎదుటే అతను చెప్పిన మాటలన్నీ కొట్టాను. రైతు, భార్య, ఏడుపు, ఆత్మహత్య, నల్లమాడ. ఎవరెవరో వచ్చారు, ఆమె రాలేదు. "అంత మంచి ఫొటో యాడికి పోయిందక్కా?" అన్నాడు. తెలియదన్నాను. అతను పోయాక 'వదిన చెయ్యి' అని కొట్టాను. ఆమె వచ్చింది. ఉన్నావా అనుకుని మూసేశాను. ఆ సాయంత్రం పాతూరు వెళ్లి ఆయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన గది ముందు అరుగు మీద కూర్చుని ఉన్నారు, ఏసీ లేదు కాబట్టి స్వెట్టరు లేదు. స్వెట్టరు లేకుండా ఇంత బక్కగా ఉంటారా అనిపించింది. విని, "పలకలేదా?" అన్నారు. లేదన్నాను. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

పోయినప్పుడు ఫొటో దొరకలేదని చెప్పాను కదా. వార్త అచ్చయిన తర్వాత నాకొక ఫొటో దొరికింది. పాత ఆయుధపూజ నాటి గ్రూపు ఫొటో, అచ్చుకు పనికిరానిది కనుక ఎవరో 'ఆయుధపూజ, ఆఫీసు' అని పెట్టి వదిలేశారు. గుమ్మడికాయ ముందు అందరం బొట్లు పెట్టుకుని నిలబడి ఉన్నాం. వెనక వరసలో, ప్రింటింగు మిషన్ ఫోర్‌మన్ భారీ తల చాటున, ముదురు నీలం స్వెట్టరు భుజం ఒకటి కనిపిస్తోంది. మొహం లేదు. ఆ భుజం మాత్రమే ఉంది.

ఎందుకో దాన్ని ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఆఫీసు బయట ఒక్క మనిషికైనా ఆయన పోయిన సంగతి చెప్పాలనిపించింది. ఆలోచిస్తే నాకు ఆమె తప్ప ఎవరూ తట్టలేదు. ఫొటోగ్రాఫరును ఊరి పేరు అడిగి, కదిరి మీదుగా నల్లమాడ బస్సెక్కాను.

ఇల్లు గుర్తుపట్టడం కష్టం కాలేదు. గోడకు కొత్తగా సున్నం కొట్టారు, ఈసారి పైదాకా. ఆమె, ఇంకొక పెద్దామె కూర్చుని శనక్కాయలు వలుస్తున్నారు. ఆ పెద్దామె చేతిని చూడగానే, ఆ వదిన ఈమేనని నాకు తెలిసిపోయింది. మా ఆఫీసుకు వచ్చినామె నన్ను గుర్తుపట్టింది. బిడ్డ కదిరిలో ఇంటర్ చదువుతోందని చెప్పింది. బొరుగులు పెట్టింది. నేను వచ్చిన పని చెప్పాను.

శనక్కాయ వలిచే చేతులు ఆగిపోయాయి. "అయ్యో, ఆయప్పా?" అంది. చేతిలో కాయలు కింద పెట్టి, "ఎవురుండారు ఆయప్పకు?" అని అడిగింది.

"ఎవరూ లేరు."

"మీ పేపర్లో ఏసినారా?"

"రెండు ముక్కలు వేశాం. ఫొటో దొరకలేదు."

ఆమె నా వైపు వింతగా చూసింది. "నా ఫొటో ఊరూరా తిప్పితిరి. ఆయప్పది ఒక్కటి కూడా లేదా మీ కాడ?"

బ్యాగులోంచి ప్రింటు తీసి, ఇందులో ఉన్నారు గానీ మొహం కనపడదని, ఈ భుజం ఆయనదేనని వేలితో చూపించాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ప్రింటు తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని చూసింది. బొట్లు పెట్టుకున్న మొహాలు, గుమ్మడికాయ, దండలు. ఇంతమందిలో ఆ భుజం కంటికి ఆనడం లేదు. అప్పుడు ఆమె అరచెయ్యి ఫొటో మీద పెట్టి, మా అందరి మొహాలూ మూసేసింది. ఆ భుజం ఒక్కటే మిగిలింది. ఆమె వేళ్ల చివరలు దాని మీద ఆనుకుని ఉన్నాయి.

"ఇప్పుడు కనపడతాండాడు" అంది.

చాలాసేపు అలాగే ఉంచుకుంది. పక్కన వదిన కూడా వంగి చూసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇద్దరూ చూడనట్టే ఉండిపోయారు. ప్రింటు ఆమె దగ్గరే వదిలి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో ఆ గ్రూపు ఫొటో తెరిచి, దానికున్న రెండు మాటల పక్కన ఇంకో రెండు కొట్టాను. ఒకటి ఉన్ని స్వెట్టరు, ఇంకొకటి భుజం. మూడోది కొట్టబోయి ఆగాను. ఫొటోలో లేనిది రాస్తే ఆయన ఊరుకోరు, పక్కనుంచి చెయ్యి చాచి చెరిపేస్తారు. అంతలో వజ్రకరూరు చేలల్లో వంగిన ఆ తలలు, వాటిని చూసి ఆయన "ఉండనీ" అన్న మాట గుర్తొచ్చాయి.

చెయ్యి, అని కొట్టాను.